కోడలి ల్యాప్‌టాప్

మారేడ్‌పల్లిలో మా వీధివాళ్ల ప్రింటర్లూ రౌటర్లూ బాగుచేసిపెట్టేది ధర్మరాజుగారే. రైల్వేలో రిటైరయ్యాక వీడియోలు చూసి ఆ పని నేర్చుకున్నారు. మొన్న కోడలు యామిని కూరగాయలకు వెళ్లినప్పుడు, ఆమె ఆఫీసు ల్యాప్‌టాప్ నెమ్మదిగా నడుస్తోందని, అడగకుండానే తన పెన్‌డ్రైవ్‌తో కొత్త విండోస్ ఎక్కించేశారు. దాంతో కంపెనీ పెట్టిచ్చిన సిస్టమ్ ఎగిరిపోయింది. అది లేనిదే యామినికి ఆఫీసు పని చెయ్యడం కుదరదు.

ఆమె వచ్చి చూసింది. మామగారిని ఒక్క మాట అనలేదు. ఆఫీసులో కంప్యూటర్లు చూసే జిలానీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నేనే పొరపాటున మార్చేశాను, జిలానీ గారూ."

"ఏందీ మేడమ్, చిన్నపిల్లల లెక్క! ఇది సార్‌కు చెప్పాల్నే. మీరింకా పర్మనెంట్ సుత కాలే."

పక్కగదిలో వింటున్న ధర్మరాజుగారికి తల కొట్టేసినట్టయింది. "ఆ పిల్ల నన్ను తిట్టినా బాగుండేదండీ," అన్నారు నిన్న మా ఇంట్లో నాతో, కాఫీ చల్లారిపోతున్నా ముట్టకుండా.

ఆ మాట వినగానే ఆయన పక్కగదిలోంచి వచ్చి ఫోన్ ముందు నిలబడ్డారట. "బాబూ, యామిని మామగారిని. ఆ పని చేసింది నేను. మీ సార్‌కి నా పేరే చెప్పండి."

జిలానీ గొంతు తగ్గించాడు. "పరేషాన్ కాకుండ్రి అంకుల్. పాతదాని కాపీ లోపల్నే దాగుంటది. ఆన్ చేస్తూ ఎఫ్ ఎలెవెన్ నొక్కుండ్రి, వాపస్ వస్తది."

ధర్మరాజుగారు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు.

"నువ్వే నొక్కమ్మా," అన్నారు.

పాత తెర తిరిగి వచ్చేదాకా ఆయన కూర్చోలేదట.