చోటు తప్పిన ఓల్సిగూ

పియో దల్‌సిక్‌కు నోరు మూసుకోవడం చేతకాదు. ఆయన రోగమంతా ఒక్క మాటలో ఉంది: "ఓల్సిగూ". పాట రక్తికట్టినప్పుడు డోలు వాయించేవాడూ, వినేవాళ్ళూ గాయనికి అందించే మాట అది, మన "భళా" లాంటిది. చిందో ద్వీపంలో ఉల్లికాడలు పండించే ప్రతివాడికీ అది ఎక్కడ పడాలో తెలుసు. తెలియనిది దల్‌సిక్ ఒక్కడికే. ఊళ్ళో డోలు వాయించేదేమో ఆయనే.

కొత్త రేవు ప్రారంభించడానికి వచ్చిన అధికారి చేతిలోంచి ఉపన్యాసం కాగితాలు గాలికి ఎగిరిపోయాయి. పాపం, నోట మాట రాక నిలబడిపోయాడు. వెనక వరసలోంచి "ఓల్సిగూ" వినపడింది. జనం గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వేసి, రిబ్బను కత్తిరించి దిగిపోయాడు. పళ్ళ డాక్టరు చేతిలోంచి పట్టకారు జారిపడితే, నోరు తెరుచుకుని కూర్చున్న ఈ మహానుభావుడు ఆ తెరిచిన నోటితోనే అదే కేక పెట్టాడు.

"నీ నోటికి తాళం వేసి, తాళంచెవి సముద్రంలో పారేస్తాను," అనేది భార్య ఉప్‌సున్.

"పారెయ్. పొద్దున్నకల్లా కెరటం తెచ్చి గుమ్మంలో పెడుతుంది."

ఆయనంటే అందరికంటే ఎక్కువ మంట గాయని మిర్యేకి. పదమూడేళ్ళప్పుడు మొదటిసారి చాప మీద నిలబడి పాడుతూ, అందరూ భయపడే పైస్వరాన్ని ఆ పిల్ల అందుకుంది. సరిగ్గా అప్పుడే డోలు వెనకనుంచి దల్‌సిక్ గావుకేక పెట్టాడు. స్వరం ఎవరి చెవినా పడలేదు. ఇరవై ఏళ్ళుగా మిర్యే దాన్ని తలుచుకుని కుమిలిపోతూనే ఉంది.

ఇప్పుడు ఆమె గురువు ఛే గప్‌సిమ్ ఇదే ఆఖరి కచేరీ అని చెప్పేశారు. ఊరివాళ్ళ ముందు, పాటగా చెప్పే పెద్ద కథ, మొదలునుంచి చివరిదాకా. ఈమధ్య ఆవిడకు మనవడి పేరు కూడా గుర్తుండడం లేదు. ఆ సంగతి మిర్యేకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అంత గొప్ప గొంతు చివరికి నవ్వులపాలైపోతుందేమోనని ఆమెకు నిద్ర పట్టడం లేదు. ఆ పైన ఈ దల్‌సిక్ ఒకడు. నేరుగా ఆయన పొలానికి వెళ్ళింది.

"మొక్‌ఫో పట్నంనుంచి డోలు మనిషిని మాట్లాడాను బాబాయ్. నువ్వు వెనక కూర్చో. నోరు మెదపొద్దు."

"తుమ్ము వస్తే?"

"అదీ ఆపుకో."

ఆయన చేతి మట్టి దులుపుకున్నాడు. "సరే తల్లీ. గప్‌సిమ్ అక్క బాగా పాడితే చాలు," అన్నాడు.

కచేరీ నాడు గప్‌సిమ్ గొంతు విని ముసలివాళ్ళు ఊగిపోయారు. కథలో తల్లి కూతుర్ని పడవెక్కించే ఘట్టం వచ్చింది. "నా తల్లీ" అని చెయ్యి చాచి, ఆవిడ ఆగిపోయారు. చేతిలో విసనకర్ర కూడా ఆగిపోయింది. తర్వాతి మాట లేదు. మొక్‌ఫో డోలు మనిషి పుల్ల ఎత్తి అలాగే చూస్తున్నాడు. ముందు వరసలో మిర్యే లేవబోయి ఆగింది. ఆ మాట తనకు తెలుసు. కానీ శిష్యురాలు అందిస్తే గురువు మరిచిపోయారని ఊరంతటికీ తెలిసిపోతుంది.

"ఓల్సిగూ!"

వెనకనుంచి, దిక్కులు పిక్కటిల్లేలా. హాలంతా ఆ కేకను అందుకుంది. ఆ నిశ్శబ్దం తల్లి గుండెలోదే అనుకుని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ గోలలో గప్‌సిమ్ నవ్వి, విసనకర్ర విప్పి, దొరికిన మాటను పట్టుకుని చివరిదాకా పాడేశారు.

తర్వాత లోపలి గదిలో మిర్యే గురువు పాదాల దగ్గర కూలబడింది.

"నలభై ఏళ్ళు వాడే నా డోలు," అన్నారు గప్‌సిమ్. "నేను తడబడినచోటల్లా వాడు కేక వేసేవాడు. ఊరివాళ్ళకు వాడి తప్పే వినపడేది, నాది కాదు."

మిర్యే తలెత్తింది. "మరి నా మొదటి కచేరీలో..."

"ఆ రోజు పగిలిన కుండలా ఉందే నీ గొంతు. దేవుడి దయవల్ల ఎవరూ వినలేదు."

ఇరవై ఏళ్ళు గుండెల్లో దాచుకున్న స్వరం అది. సిగ్గుతో చచ్చినంత పనయింది. మర్నాడు పొద్దున్నే పొలానికి వెళ్ళింది. దల్‌సిక్ ఉల్లికాడలు కట్టలు కడుతున్నాడు.

"బాబాయ్, ఆ రోజు నా గొంతు పగిలిందా?"

"ఏమోనమ్మా. నేను అరుస్తుంటే నాకేమీ వినపడదు."

"ఇకనుంచి నా డోలు నువ్వే."

"నాకు చోటు తెలియదంటారే అందరూ."

మిర్యేకి కళ్ళు నిండిపోయాయి. ఆయనకు కనపడకూడదని గబగబా వెనుదిరిగి, ఉల్లికాడల కట్ట తట్టుకుని, బురదలో బోర్లా పడింది.

వెనకనుంచి రావలసిన కేక రానే వచ్చింది. చుట్టుపక్కల పొలాల్లోవాళ్ళంతా తలెత్తి దల్‌సిక్ వంకే చూశారు. మిర్యే వంక ఎవరూ చూడలేదు.