కూత ఆగినంక

మొన్న గద్వాల దవాఖానల సిస్టరమ్మ నా జబ్బకు బీపీ పట్టీ చుట్టింది. బుస్సుబుస్సుమని గాలి గొడుతుంటె అది పిసికి పిసికి, ఇగ బొక్క ఇరుగుతదేమో అనుకునే యాళ్లకు సుయ్యిమని ఇడిసింది. నాకు నవ్వొచ్చింది. "ఏంది అవ్వా, బీపీ గింత ఎక్కువుంటె నవ్వుతున్నవ్?" అన్నది. "నీ మిషన్‌కు మా ఆయన నేర్పినట్టున్నడు బిడ్డా, పట్టుడూ, ఇడుసుడూ," అన్న. ఆమెకు సమజ్ గాలే. నాకు రాయ రాదు, గందుకని మనుమరాలిని కూసోబెట్టి చెప్తున్న.

మా ఆయన కాలేజి పోరగాండ్లకు కబడ్డీ నేర్పెటోడు. కూతకు పోవుడు గాదు, కూతకొచ్చినోన్ని పట్టుడు. కూత నేర్పెటాయన వేరే ఉండె, పేపర్ల ఫోటో ఆయనదే పడుతుండె. మా ఆయనది మడమ పట్టు, తొడ పట్టు, నడుం పట్టు, ఇద్దరు చేతులు గలిపి అడ్డం నిలబడే గొలుసు పట్టు. అందరు పట్టు సారంటుండిరి. నాగర్‌కర్నూల్‌ల ఉన్నప్పుడు పొద్దుగాల గ్రౌండు కాడికి పోతె, మోకాళ్ల తోలు లేసి, మూతులు పగిలి, మన్నూ నెత్తురూ ఒక్క రంగయి ఉంటుండె. ఒకపారి ఒకని పన్ను ఇరిగి ఇంకొకని మోచేతిల దిగవడింది. ఇద్దరిని ఇంటికి పట్టుకొచ్చి, "జర సూది తేవే," అన్నడు మా ఆయన. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండంగ ఆ పన్ను తీసిన. దాని సొంతదారు నోరంత నెత్తురు పెట్టుకొని, "అక్కా, అది నాది, ఇటియ్యి," అని చెయ్యి చాపిండు.

ఆయన పట్టు ఎంత కటువో, ఇడుసుడు గంత ఖచ్చితం. వచ్చినోడు ఒక్క దమ్ముల కబడ్డీ కబడ్డీ అని కూత పెట్టుకుంట మన బరిలకొచ్చి, మల్ల గీత ముట్టాలె. ముట్టకుంట మనం పట్టాలె. అందరు ఈల ఊదెదాక పట్టుకుంటరు. మా ఆయన మాత్రం, "కూత ఆగిందంటె చేతులు ఇడువాలె. ఈలతోని మనకేం పని? దమ్ము అయిపోయినోన్ని పట్టుకుంటె ఆట గాదురా, కసాయితనం," అంటుండె.

దానికో కథ ఉన్నది. పెండ్లికి ముందు అయిజ తరఫున బల్మూర్‌కు ఆడవోయిండట. జనం అరుపులల్ల కూత ఆగింది ఇనవడలే. మడమ పట్టి మెలేసిండు. ఎండిన కంది కట్టె ఇరిగినట్టు పటుక్కుమన్నది. ఆ పిలగాడు మల్ల సక్కగ నడవలే. ఊరోళ్లు కట్టెలతోటి మీదవడి నొసలు పలగ్గొట్టిరి. "ఆ దెబ్బలు మర్సిపోయిన గాని, ఆ సప్పుడు మర్వలేనే," అంటుండె.

నా మీద గూడ ఈ పట్టు ప్రాక్టీసు జేస్తుండె. రొట్టెలు కొడుతుంటె వచ్చి మణికట్టు దొరకబట్టి, "కూత పెట్టు," అంటడు. నేను కబడ్డీ కబడ్డీ అన్నంతసేపు ఇనుప సంకెలే. ఆపిన్ననుకో, అప్పుడే ఇడుస్తడు. ఒక్కనాడు తప్పలే. "పెండ్లామూ మొగుడూ కుస్తీ పడున్రి, రొట్టె బొగ్గయితున్నది," అని మా అత్త తిడుతుండె.

గద్వాల, నాగర్‌కర్నూల్, ఆఖరికి వనపర్తి. ఏడ జూసినా టెంపరరీనే. సామాన్లు కట్టుడు, మల్ల మూటలిప్పుడు. వనపర్తి కాలేజిల కప్పు గెలిస్తె పర్మనెంట్ జేస్తమన్నరు. నేను కాళ్లు పట్టుకున్నంత పని జేసిన. "ఈ ఒక్క ఆటకు ఈలదాక పట్టుమని చెప్పయ్యా. ఇగ నేను మూటలు మొయ్యలేను." "చేతులకు ఒక్కసారి తప్పుడు పని నేర్పితె మల్ల మర్వయే," అన్నడు.

ఫైనల్‌కు ఎదురు పడ్డది ఆయన పాత నాగర్‌కర్నూల్ పోరగాండ్లే. ఆఖరి కూతకు వచ్చింది ఆ పన్ను లేనోడు. మనోళ్లు ఇద్దరు మడమా తొడా పట్టి బోర్ల పడేసిరి. వాని ముక్కుల నుంచి నెత్తురు కారుతున్నది. వాడు కూత మింగిండు. పెదవులు ఆడుతున్నయి, పక్కన వంగిన రెఫరీకి ఇనవడుతున్నది, కాళ్ల కాడున్న మనోళ్లకు ఇనవడలే. నేర్పిన చేతులు గద, కూత ఆగిందనుకొని ఇడిసినయి. వాడు పాక్కుంట పోయి గీత ముట్టిండు, కప్పు వాళ్లకు పోయింది.

"సారు అమ్ముడువోయిండు!" అని ఎవడో అరిసిండు. ఇగ జూడు, కుర్చీలు లేసినయి. చెప్పులు, రాళ్లు, కాళ్లు. మా ఆయనను కింద పడేసి పక్కల్ల తన్నుతుంటె, ఆట సూడవోయిన నేను గుంపుల దూరిన. ఒకని చెయ్యి కొరికిన, తోలు నా నోట్లకొచ్చింది. నా పక్కకు ఇంకొకడొచ్చి నా చెయ్యి దొరకబట్టి అడ్డం నిలవడ్డడు. జూస్తె పన్ను లేనోడు! మేమిద్దరం గొలుసు పట్టు పట్టి నిలవడితె, వాని ఈపు మీద కుర్చీ ఇరిగింది. కింద మా ఆయన నెత్తురు ఉమ్మి, "కూత మంచిగ మింగినవ్‌రా," అన్నడు.

తెల్లారి ప్రిన్సిపాల్ సారు, "నిన్ను పట్టనీకి పెట్టుకున్నం గాని ఇడువనీకి గాదు," అన్నడు. నేను మల్ల మూటలు గట్టిన. ఇరిగిన పక్క బొక్కలు సక్కగ అతకలే. అప్పటి నుంచి ఆయన దమ్ము కురచయింది, ఏడాదికేడాది ఇంక కురచయింది.

ఆఖరికి ఇదే గద్వాల దవాఖానల, పగటి పూట, నా మణికట్టు దొరకబట్టిండు. ఈపారి కూత పెట్టుమనలే. నాకు బుగులైంది. ఇడుస్తడేమో అని మెల్లగ కబడ్డీ కబడ్డీ అనుడు షురూ జేసిన. పక్క మంచపోళ్లు పిచ్చిదనుకున్నరు. ఆపకుంట అన్న, కండ్లు తిరిగెదాక అన్న. నా దమ్ము ఆగింది. ఆయన చెయ్యి మాత్రం ఇడువలే. గప్పుడు తెలిసింది, ఆయన దమ్ము నాకంటె ముందే ఆగిందని.

ఇద్దరు సిస్టరమ్మలు ఒక్కో ఏలు ఇప్పి తీసిరి. చేతి మీద నీలి మచ్చ శాన రోజులుండె, పోయింది. ఏండ్లు గూడ గట్లనే ఆయన పట్టును ఒక్కో ఏలు ఇప్పుకుంట వస్తున్నయి, ఇంకా ఆ చేతి ఏళ్లు అన్ని ఇడువలే.