సీటు మీద కొంగ

జోగమ్మకు ధూళిలో బొమ్మలు గీసే అలవాటు పెళ్ళయి మల్కాపురం వచ్చిన కొత్తలోనే అబ్బింది. గాలి రేవు వైపు నుంచి తిరిగిందంటే తెల్లారేసరికి కిటికీ చెక్కలు, నీళ్ళ డ్రమ్ము మూత, అరుగు, అన్నిటి మీదా రేవులో దించే ఇనప ఖనిజం తాలూకు సన్నటి ఎర్రపొడి పరుచుకుని ఉండేది. పద్మనాభం ఊరి అవతల వరిమళ్ళ మధ్య పెరిగిన పిల్లకి అది చూస్తే మొదట్లో ఏడుపొచ్చేది. ఒకరోజు తుడవబోతూ గుడ్డ పక్కన పెట్టి, డ్రమ్ము మూత మీద వేలితో నాలుగు వరిదుబ్బులు గీసింది. వాటి మధ్య ఒంటికాలి మీద ఒక కొంగను నిలబెట్టింది. అత్తగారి అడుగుల చప్పుడు వినపడగానే గబుక్కున తుడిచేసింది.

అప్పటి నుంచి ముప్పై ఏళ్ళుగా గీస్తూనే ఉంది. కాగితం కొనాలని గానీ, రంగులు కావాలని గానీ ఆవిడకి ఎన్నడూ తోచలేదు. సన్నగీతకి అగ్గిపుల్ల, లావుగీతకి బొటనవేలు, మబ్బులకి చీరచెంగు. గీసి, తల ఒక పక్కకి వంచి చూసుకుని, తుడిచేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. అత్తగారు పోయాక దాచుకోవలసిన పని లేకపోయినా, ఎవరికీ చూపించనూ లేదు. ఇందులో చూపించేదేముందని అనుకునేది.

ఆవిడ భర్త తాతబాబు రేవులో సిగ్నల్‌మన్. ఓడ అంచున నిలబడి, పైన క్రేన్‌లో కూర్చున్న డ్రైవరుకి దించు, ఆపు, ఎత్తు అని చేతులతో సైగలు చెయ్యడం అతని పని. ఆ డ్రైవరు సన్యాసిరాజు. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే షిఫ్టు చేశారు. ఆ హోరులో నోటిమాట వినపడదు కాబట్టి కష్టం సుఖం కూడా చేతులతోనే చెప్పుకునేవాళ్ళు. మొన్న మాఘమాసంలో సన్యాసిరాజు ఇంట్లో భోంచేసి కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు.

దినాలయ్యాయి. తాతబాబు డ్యూటీకి వెళ్ళలేదు. గోడ వైపు తిరిగి మంచం మీద పడుకునేవాడు. పెడితే నాలుగు ముద్దలు తినేవాడు. పలకరిస్తే "ఊఁ" అనేవాడు, అంతే. సూపర్‌వైజరు ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. మనిషి ఏడ్చినా బాగుణ్ణు అనుకునేది జోగమ్మ. ఆ ఏడుపు కూడా రాలేదు.

అరుగు పక్కన అతని బండి కదలకుండా ఉండిపోయింది. నల్లటి సీటు మీద ఎర్రపొడి మందంగా పేరుకుంది. ఒక పొద్దున్న జోగమ్మ దాన్ని తుడవడానికి వెళ్ళి, ఊరికే ఉండలేక కొంగను గీసింది. ఇంతలో లోపల పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. పరుగెత్తింది.

తిరిగొచ్చి చూస్తే కొంగ ముక్కున చేప ఉంది.

చేప అంటే చేప కాదు, తోక మొలిచిన వంకాయలా ఉంది. సందులో మనిషన్నవాడు లేడు. జోగమ్మ మెల్లగా లోపలికి తొంగి చూసింది. తాతబాబు ఎప్పటిలాగే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి బయట ఉన్న చేతికి చూపుడువేలు కొస ఎర్రగా ఉంది.

ఆ రోజు ఆవిడ సీటు తుడవలేదు. మర్నాడు కొంగ పక్కనే ఒక పడవ గీసి, కావాలనే వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేస్తూ కూర్చుంది. వచ్చి చూస్తే పడవలో ఒక మనిషి ఉన్నాడు. రెండు గీతలు కాళ్ళు, ఒక సున్నా తల.

మూడోరోజు ఆవిడ వేలు సీటుకి ఆనించబోతుంటే వెనక నుంచి మాట వినపడింది.

"రాజు బావని ఏత్తావేటి?"

జోగమ్మ ఉలిక్కిపడి తిరిగింది. తాతబాబు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాను బొమ్మలేత్తానని నీకెలా తెలుసు మావా?"

"మనకి పెళ్ళైన కాణ్ణుంచీ సూత్తన్నాను."

"మరి ఎప్పుడూ ఒక్క మాటనలేదేటి?"

"అంటే సిగ్గుపడి మానేత్తావని."

ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెంగుతో ఒత్తుకుంది. "మనిసి మొకం నాకు రాదు మావా," అంది.

"మొకం వద్దులే. కింద నిలబడితే నాకెప్పుడు కనిపించింది గనక. ఆడి సెయ్యి కనిపించేది."

జోగమ్మ పైన క్రేన్ గది గీసింది. దానికి కిటికీ పెట్టింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి తీసింది.

"అలక్కాదే," అంటూ తాతబాబు దగ్గరికొచ్చాడు. ఆవిడ చెయ్యి అందుకుని వేళ్ళు ముడిచి, బొటనవేలు ఒక్కటీ బయటికి తీసి, నోటి దగ్గరికి వంచాడు. "ఇలాగ. దిగొత్తన్నాను, టీ తాగుదాం బావా అని. రోజూ పదిగంటలకి..."

మాట పూర్తి కాలేదు. ఆవిడ చెయ్యి వదలకుండా అరుగు మీద కూలబడి, పెద్దగా ఏడ్చాడు. ఎదురింటి దేవి చీపురు పట్టుకుని బయటికొచ్చి, చూసి, చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయింది. జోగమ్మ అతని తల పొట్టకి ఆనించుకుని అలాగే నిలబడింది. ఊరుకోమని అనలేదు. చాలాసేపటికి అతనే తెరిపిన పడి, "అంబలుందేటి?" అని అడిగాడు.

సోమవారం తాతబాబు డ్యూటీకి బయల్దేరాడు. బండి దగ్గర ఆగి, సీటు మీద ఆ చేతిని చూసి, తాళాలు మళ్ళీ మేకుకి తగిలించి ఆటోలో వెళ్ళిపోయాడు. నాలుగురోజులు అలాగే వెళ్ళాడు. గాలి తిరుగుతూనే ఉంది. కొత్తపొడి పడి క్రేన్, కిటికీ, చెయ్యి మెల్లమెల్లగా పూడుకుపోయాయి.

శుక్రవారం సాయంత్రం జోగమ్మ గుడ్డ తడిపి తెస్తే, "ఇలా తే, నాను తుడుత్తాను," అని అతనే సీటంతా తుడిచాడు. తర్వాత అరుగు మీద కూర్చుని కొత్త డ్రైవరు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అశోక్ అట, దువ్వాడ నుంచి వస్తాడట, చెయ్యి కుదురైనదేగానీ మనిషికి తొందరెక్కువట. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "తరవాతేటైంది?" అని అడుగుతూ వింటూ కూర్చుంది.