కోళ్ళు గుడ్లు పెట్టే వేళ

లిఫ్టు బాబాయికి ఒకటే పిచ్చి. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆ తొమ్మిదంతస్తుల బిల్డింగులో ఎవరు చప్పుడు చేసినా ఊడిపడి, "హుష్! పైన కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి!" అని గుడ్లురుముతాడు.

లిఫ్టులు బాగుచేసే పని నుంచి రిటైరయ్యి, డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన పదకొండు కోళ్ళని పెట్టాడు. ఆ గాలికి మనిషే నిలవలేడు. ఓ కోడి కొట్టుకొచ్చి ఆరో అంతస్తులో ఆరేసిన దుప్పట్లో చుట్టుకుపోయింది. బాబాయి దిగొచ్చి ఆ ఇల్లాలినే కోప్పడ్డాడు. "కెవ్వుమని అరుస్తావేంటమ్మా? అది బెదరదూ?"

ఎనిమిదో అంతస్తు సెక్రటరీకి ఒళ్ళు మండిపోయేది. భార్య అడిగిన అలమర కోసం గోడకి నాలుగంటే నాలుగు కన్నాలు వెయ్యాలి. భోజనమయ్యాక పనిచేసే అలవాటు ఆయనకి పుట్టుకతోనే లేదు.

"ఆదివారం కూడానా బాబాయ్?"

"కోళ్ళకి ఆదివారమేంటోయ్!"

బాబాయి వారానికి ఇంటికి రెండు గుడ్లు పంచుతుంటే ఎవరూ కిక్కురుమనరు. "రెండు గుడ్లకి నోళ్ళు కుట్టేసుకుంటారా? సిగ్గులేదూ?" అని సెక్రటరీ ఇల్లిల్లూ తిరిగి తిట్టి, సంతకాలు పెట్టించాడు. సాయంత్రంలోగా కోళ్ళు ఖాళీ చెయ్యాలి! నోటీసు పట్టుకుని డాబా ఎక్కాడు.

ట్యాంకు వెనక చతికిలబడి, బాబాయి తడిగుడ్డతో గుడ్లు తుడుస్తున్నాడు. ప్రతి గుడ్డు మీదా కొట్టువాడి ఎర్ర ముద్ర!

"బాబాయ్! ఇవి కొన్న గుడ్లు!"

"మెల్లిగా ఏడు! ఈ గాలికి బెదిరి అవి గుడ్డు పెట్టి ఆర్నెల్లయింది."

"మరి ఈ హుష్షులన్నీ ఎవరికోసం?"

బాబాయి కాలి కిందకి చూపించాడు. కింద తొమ్మిదో అంతస్తులో నర్సమ్మ. రాత్రంతా ఆసుపత్రిలో నిలబడి, పొద్దున వచ్చి పడుకుంటుంది.

"పగలు కాస్త నిద్రపోనివ్వండని కాగితం రాసిచ్చింది. ఏం చేశావ్? మనిషి నిద్రంటే మీకు లెక్కలేదు. గుడ్డంటే మాత్రం నోళ్ళు మూస్తారు!"

'అది మీ సొంత విషయం' అని ఆ కాగితం మీద రాసింది సెక్రటరీయే. నోటీసు మడిచి జేబులో పెట్టుకుని, ఓ గుడ్డు అందుకుని తుడవడం మొదలుపెట్టాడు.

ఇంతలో ఎనిమిదో అంతస్తులో డ్రిల్లు గర్జించింది. కోళ్ళ పీడ విరగడైందనుకుని భార్యే మొదలెట్టేసింది. సెక్రటరీ రెండేసి మెట్లు దూకుతూ వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

"బుద్ధుందా? పైన కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి!"