నేను వదిలేసిన ఎండాకాలం

అబద్ధం రాసి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో. అబద్ధాలు రాసినవాళ్ళు చాలామంది హాయిగానే ఉన్నారు. నేను రాసింది నిజం. అందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు. ఆ నిజాన్నే ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నా భార్యకి చెప్పలేదు, ఎందుకో మీకు కాసేపట్లో తెలుస్తుంది. స్నేహితులకి చెప్పలేదు. చెబితే "ఓస్, ఇంతేనా" అంటారు. ఆ మాట నాకు వినాలని లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీకు చెబుతున్నాను.

అరవైల చివర్లో బాపట్లలో నాకు మట్టీ నీళ్ళూ పరీక్ష చేసే ఉద్యోగం ఉండేది. పరిశోధన అనేవాళ్ళు దాన్ని. కాలవలు తవ్వేవాళ్ళు తవ్వుకుంటూ పోయేవాళ్ళు, మేం మా సీసాలు కడుక్కుంటూ కూర్చునేవాళ్ళం. మమ్మల్ని అడిగే నాథుడు లేడు. అలాంటిది ఒకసారి ఇంజనీర్లే మా గుమ్మంలోకి వచ్చి సలహా అడిగారు. తెనాలి వైపు పొలాలు ఏటా వానలకి మునుగుతున్నాయి. ఆ నీళ్ళు పోవలసిన మురుగు కాలవ వంకరలు తిరిగి, సగం పూడిపోయి ఉంది. దాన్ని లోతు చేసి రేపల్లె దిగువన తిన్నగా సముద్రంలో కలిపేయాలని వాళ్ళ ఆలోచన. సందేహమల్లా ఒక్కటే. కాలవ సముద్రంలో కలిసేచోట తలుపులు పెట్టాలా, అక్కర్లేదా?

తలుపులు పెడితే, సముద్రం పోటెత్తినప్పుడు మూసి ఉప్పునీళ్ళని ఆపవచ్చు. కానీ మూసినంతసేపూ వాననీళ్ళు కూడా వెనక్కి నిలిచిపోతాయి. అంటే తలుపులు లేకపోతే పైవాళ్ళకి లాభం, ఉంటే కిందవాళ్ళకి రక్ష. ఉప్పునీళ్ళు కాలవలో ఎంతదూరం ఎక్కుతాయో ఏడాదిపాటు చూసి చెప్పమని నాకు అప్పగించారు. నేను రాసినదాన్నిబట్టి ప్రభుత్వం నిర్ణయిస్తుందట. కుర్రవాణ్ణి, పొంగిపోయాను.

చెరుకుపల్లి మీదుగా రేపల్లెకి బస్సు, అక్కణ్ణించి అద్దె సైకిలు. కాలవ గట్టునే ఒక ఊరు. పేరు వద్దులెండి. అక్కడ సామ్రాజ్యమ్మగారని ఒకావిడ ఉండేది. భర్త పోయాక పొలం కౌలుకివ్వకుండా తనే దగ్గరుండి చేయించుకునేది. కాలవ పక్కనే ఆమె పొలం. మొదటిసారి మంచినీళ్ళు అడిగితే అన్నం పెట్టింది. ఆ తర్వాత నేనెప్పుడు వెళ్ళినా భోజనం ఆమె ఇంట్లోనే. పిన్నీ అని పిలిచేవాణ్ణి. నోరు గట్టిది. నా సీసాలు చూసి, "కుంకుడుకాయలు నానబెట్టినట్టు ఇవేంటి బాబూ" అని ఎగతాళి చేసేది. అయినా నేను పెద్ద చదువు చదివానని ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పేది.

ఆ ఏడే నాకు పెళ్ళయింది. మామగారిది తెనాలి పక్క ఊరు. ఆయన పొలాలు మునిగేవాటిలో ఉన్నాయి. ఇక్కడ మీరు తొందరపడి మామగారిని తప్పు పట్టకండి. ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఒకసారి భోజనాల దగ్గర, ఈ ఏడన్నా పంట ఇంటికొస్తే బాగుండును అన్నాడు, అంతే. అది నాతో అన్నది కూడా కాదు, తనలో తాను అనుకున్నాడు. అత్తగారు నా విస్తట్లో నెయ్యి వేస్తోంది. నేను తల వంచుకుని తింటున్నాను. ఎవరైనా అడిగి ఉంటే కాదనేవాణ్ణేమో! ఎవరూ అడగకుండానే తప్పు చేసినవాణ్ణి ఏమనాలి?

వానాకాలమంతా, పంట కోసేదాకా, కాలవలో నీళ్ళు మంచివే. పైనుంచి వచ్చే ప్రవాహానికి సముద్రం లోపలికి రాలేదు. రాసుకున్నాను. తర్వాత ఎండాకాలం వచ్చింది. సాగునీటి కాలవలకి నీళ్ళు కట్టేశారు. ఒక అమావాస్యనాడు వెళ్ళి చూశాను. కాలవ వెనక్కి నడుస్తోంది. గడ్డీ గాదం సముద్రం వైపు పోవడం మాని ఊరి వైపు వస్తున్నాయి. నీళ్ళు చేత్తో తీసి నోట్లో పోసుకున్నాను. పరీక్ష అక్కర్లేదు, అది సముద్రమే. వంకర కాలవలోనే ఇంతదూరం ఎక్కిన ఉప్పు, లోతు చేసి తిన్నగా తవ్వితే ఎక్కడిదాకా పోతుంది? ఆ మధ్యాహ్నం పిన్ని ఇంట్లోనే అన్నం తిన్నాను. ఆమెకి నేను చూసింది చెప్పలేదు. అప్పటికింకా ఏమీ నిర్ణయించుకోలేదనే అనుకుంటున్నాను. కానీ మరి ఎందుకు చెప్పలేదు?

మా డెల్టావాళ్ళకి ఒక అలవాటుంది. కాలవలు వదిలిన రోజున మా ఏడాది మొదలవుతుంది, కట్టేసిన రోజున అయిపోతుంది. ఆ మధ్య ఎండాకాలం లెక్కలోకి రాదు. అది పెళ్ళిళ్ళకీ, ఇంటి కప్పులకీ, నిద్రకీ. పొలంలో పైరే లేనప్పుడు నీళ్ళు ఎలా ఉంటే ఏం? ఈ అలవాటే నాకు అడ్డం పెట్టుకోవడానికి పనికొచ్చింది. పంటకాలంలో ఈ కాలవలోకి ఉప్పునీరు ఎక్కదు, పైరుకి ప్రమాదం లేదు అని రాశాను. నిజమే కదా! ఎండాకాలం అంకెలు జతచేయలేదు. అడిగితే, పంట లేని రోజుల సంగతి ఎందుకండీ అందామని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. చదివిన పెద్దలందరూ డెల్టావాళ్ళే. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా ఇంత చాటు దొరకదు.

పని మొదలుపెట్టే ముందు అధికారులు ఆ ఊళ్ళో సభ పెట్టారు. నన్నూ తీసుకెళ్ళారు. కిందవాళ్ళు కొందరు గట్టిగానే అడ్డుపడ్డారు. తలుపులు లేకుండా తవ్వనివ్వం అన్నారు. అప్పుడు పిన్ని లేచింది. ఈ అబ్బాయి మన గట్టు మీద ఎండనకా వాననకా తిరిగాడు, మన తిండి తిన్నాడు, మనకి చెడు జరిగేది రాస్తాడా, నా పొలం అందరికంటే దగ్గర, నాకు లేని భయం మీకేంటి అంది. సభ మెత్తబడింది. నాకు కుర్చీ వేశారు. లేచి నిలబడి ఒక్క మాట అంటే సరిపోయేది. కూర్చునే ఉన్నాను. ఎవరో సోడా ఇస్తే తాగాను.

కాలవ తవ్వారు. తెనాలి వైపు పొలాలు మునగలేదు. మామగారింటికి పంట వచ్చింది. నా సలహా మంచి ఫలితమిచ్చిందని పై అధికారులు మెచ్చుకున్నారు. దిగువన ఎండాకాలమల్లా ఉప్పునీళ్ళు గట్ల కిందనుంచి పొలాల్లోకి ఊరాయి. తొలకరికి పోసిన నారు మొలిచీ మొలవకుండానే మాడిపోయింది. పైరు లేనప్పుడు వచ్చిన ఉప్పు, పైరు వచ్చేదాకా మట్టిలోనే ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. నా చదువే అది. మంచినీళ్ళ చెరువు కూడా ఉప్పగిల్లింది. కొన్నేళ్ళకి తలుపులు పెట్టారు. ఈలోగా కొందరు ఊరు వదిలారు. నేను ఆ దారిన మళ్ళీ వెళ్ళలేదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి పాఠాలు చెప్పేవాణ్ణి. నీటి నమూనాలు ఏడాది పొడుగునా తీయాలి, ఏ నెలా వదలకూడదు అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది.

డెబ్భైల మధ్యలో ఒక పగటిపూట, బాపట్ల స్టేషన్లో బెంచీ మీద పిన్ని కనిపించింది. తప్పుకుందామనుకునేలోపే చూసేసింది. పక్కన కూర్చోబెట్టుకుంది. పొలం ఎవరూ కొనకపోతే వదిలేసిందట. వేటపాలెంలో చెల్లెలి దగ్గర ఉంటూ, జీడిగింజలు కొట్టే షెడ్డుకి పనికి పోతోందట. జీడి రసానికి వేళ్ళన్నీ నల్లబడి, చర్మం లేచిపోయి ఉన్నాయి. పదిమందికి పని చెప్పిన మనిషి. నా పిల్లల గురించి అడిగింది. తర్వాత కాస్త మొహమాటపడుతూ అంది.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఎండాకాలం నీళ్ళు చూళ్ళేదా బాబూ నువ్వు?"

"లేదు పిన్నీ. ఎండాకాలం నేనటు రాలేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు.

"వచ్చావుగా బాబూ. వడగాడ్పుకి మొహమంతా కందిపోయింది. మామిడికాయ పప్పు వండాను. ఇంకాస్త వెయ్యమని అడిగావు కూడాను."

"వేరే ఎవరో అయ్యుంటారు పిన్నీ. మా ఆఫీసు నుంచి ఇంకొకళ్ళు వచ్చేవాళ్ళు."

ఇంకెవరూ వచ్చేవాళ్ళు కాదు.

పిన్ని పక్కనున్న సంచీ ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత నవ్వింది. "అంతే అయ్యుంటుందిలే. ఈమధ్య నా మతి మతిలో లేదు. నువ్వే వచ్చుంటే చూసి రాయకుండా ఉంటావా."

రైలు వచ్చింది. ఆమె సంచీ అందించాను. వెళ్ళొస్తాను బాబూ అంది.

మామగారి పొలం కోసమే కదా అని మొదటి తప్పుకి నేను ఎన్నో సాకులు చెప్పుకోగలను. ఆ రోజు బెంచీ మీద నాకేం అవసరమొచ్చింది? ఉద్యోగం పోయేది కాదు. ఆమె ఎవరికీ చెప్పేది కూడా కాదు. ఆమె పొలం పోయిందని తెలుసు, వేళ్ళు చూశాను, అయినా ఆమెకి మిగిలిన తెలివిని కూడా అనుమానించుకునేలా చేసి రైలెక్కించాను. ఇంత సిగ్గుమాలిన పని నేను జీవితంలో ఇంకొకటి చేయలేదు. అవునవుననుకుంటూ ఆమె ఎన్నాళ్ళు తన మతినే తిట్టుకుందో నాకు తెలియదు. చెల్లెలితో అని ఉంటుందా, నాకు మతి పోతోందే అని?

ఆమె పోయి చాలాకాలమైంది. బతికున్నా ఇది చదవగలిగేది కాదు, చదువు రాదు. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు, మిమ్మల్ని అడిగి ప్రయోజనమూ లేదు. ఇంతవరకూ రాశాక గుండె కొంచెం తేలికపడిన మాట నిజం. అదీ సిగ్గుగానే ఉంది. అయినా ఎవరో ఒకరి ముందు ఒక్కసారి అనాలి.

నీ మతి బాగానే ఉంది పిన్నీ. ఎండాకాలంలో మీ ఇంటికి వచ్చింది నేనే.