నాయన వాసన కోసం పుత్తూరు దాకా

తిరుపతి వెళ్లొచ్చానంటే ఎవరైనా ముందు అడిగేది దర్శనం బాగా జరిగిందా అని. మేము కొండ ఎక్కలేదు. మా నాయన వాసన ఎక్కడైనా అమ్ముతారేమో చూసి కొనుక్కుందామని వెళ్లాం. మాట వింతగా ఉందని నాకూ తెలుసు, కాస్త ఓపిక పట్టండి.

నాయన పోయి మూడేళ్లు, అమ్మ పోయి ఏడాదిన్నర. నాయన చివరిసారి విడిచిన తెల్లచొక్కాను అమ్మ ఉతకలేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా అడుగున దాచుకుంది. దిగులు పుట్టినప్పుడల్లా ముడి విప్పి, అందులో ముక్కు పెట్టి, మళ్లీ ముడేసేది. నేను బెంగళూరు నుంచి చిత్తూరు వచ్చినప్పుడు నాకూ ఇచ్చేది కానీ ఎక్కువసేపు పీల్చనిచ్చేది కాదు, అయిపోతుందని. అమ్మ కూడా పోయాక ఆ కవరే నా వంతు ఆస్తి అనుకున్నాను. తీరా అమ్మ సంవత్సరీకానికి వస్తే, మా వదిన సుగుణ ఆ చొక్కాను నానబెట్టి, ఉతికి, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసి నా చేతిలో పెట్టింది. "మామ చొక్కా మురికి పట్టిపోయిండె. ఎంత తెల్లగా వచ్చిందో సూడు మే" అంది సంబరంగా. మా వదినకు ఉతకడమంటే ప్రాణం. ఆ ఇంట్లో కదలకుండా కాసేపు కూర్చుంటే మనల్ని కూడా బకెట్లో వేస్తుంది. నేను చొక్కాలో ముఖం పెట్టి ఏడ్చాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. చొక్కా అక్కడే పడేసి బెంగళూరు బస్సెక్కాను.

అప్పటినుంచి వదినతో మాటల్లేవు. ఆమె ఫోన్ ఎత్తితే "అన్నకివ్వు" అనడం, అంతే. రానురాను నాయన ముఖం గుర్తొస్తున్నా మనిషి గుర్తురావడం మానేశాడు. అదే నా భయం. ఈ వేసవిలో అన్న బతిమాలితే మళ్లీ వచ్చాను. వదిన వాకిట్లోనే నిలబడి, "నేను పోగొట్టింది నేనే తెచ్చిస్తా. మామ పూసుకునేది తిరపతిలో దొరుకుతాదంట. రేప్పొద్దున పోదాం పా" అంది. వాసన దొరక్కపోతే ఇక ఆ గడప తొక్కకూడదని నేను మనసులో తీర్మానించుకుని తలూపాను.

చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులకు కరువు లేదు. ఎండ ముదరకముందే బయలుదేరితే రెండు గంటల్లోపు చేరిపోవచ్చు, టికెట్టు వంద రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. మేము కిటికీ సీటు కోసం ఒక్క మాటా మాట్లాడుకోకుండానే పోట్లాడుకున్నాం. వదిన గెలిచింది. బస్టాండులో దిగగానే ఒక ఆటో ఆయన అడ్డం వచ్చి, "అలిపిరికా మా?" అన్నాడు.

"కాదన్నా. గోవిందరాజస్వామి గుడి కాడ సెంటు కొట్టుకు" అంది వదిన.

"కొండకు పోరా?"

"పోము."

ఆయన మమ్మల్ని అద్దంలో దారిపొడవునా చూస్తూనే ఉన్నాడు. దింపేటప్పుడు, "సెంటు పూసుకోనైనా కొండకు పోండమ్మా, ఇంత దూరం వచ్చినారు" అని మా తరఫున గోపురానికి ఒక దండం పెట్టుకున్నాడు.

గుడి వీధుల్లో పసుపు, కుంకుమ, పటాల మధ్య ఇరుకుగా ఒక అత్తరు కొట్టు. లోపల ఒక పెద్దాయన. నాయన జవ్వాది పూసుకునేవాడని నేను, కాదు గంధం అత్తరని వదిన, ఎవరికి వాళ్లం ఆయనకే చెప్పాం. ఆయన రెండూ తీశాడు. ఆ పైన పునుగు, మల్లె, సంపెంగ, మరేవో. నా రెండు మణికట్లు, మోచేతులు అయిపోయాక వదిన చేతులు మొదలుపెట్టాం. ఆమె కుడిచెయ్యి ఇవ్వలేదు, ఎడమదే చాపింది. నేను పట్టించుకోలేదు. ఇద్దరం కలిసి పెళ్లి పందిరిలా గుబాళిస్తున్నాం గానీ నాయన మాత్రం రాలేదు. జవ్వాది పొడి దగ్గర ఒక్కటే ఆగాను. అది ఆయనదే. కానీ సగమే. నాయన వీధి మలుపులో కనిపించి, ఇంట్లోకి రాకుండా అక్కడే నిలబడిపోయినట్టుంది.

"మీ నాయన ఏం పని సేసేవాడు మా?" అన్నాడు పెద్దాయన.

"లారీ తోలేవాడు. మామిడికాయల లోడు."

"అయితే మిగిలిన సగం డీజిలు. అది నా కాడ లేదు, బంకులో అడుగు."

నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. వదిన మాత్రం నవ్వలేదు. ఏదో లెక్క కుదురుతున్నదానిలా నిలబడింది. "మే, ఆ చొక్కాకు కుడిచేతి కాడ పసుప్పచ్చ మరక. ఎంత రుద్దినా పోలా. అది డీజిలు కాదు, నూనె. పుత్తూరు నూనె" అంది.

అప్పుడు వెలిగింది నాకు. నేను చిన్న బడిలో ఉండగా నాయన లారీ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. విరిగిన ఎముకల వైద్యానికి పేరుపడ్డ పుత్తూరులో కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతుక్కుంది కానీ చలికి, బరువుకు సలుపు వచ్చేది. అందుకని ప్రతి రాత్రీ అమ్మ ఆ నూనె రాసేది, పొద్దున ఆయన దాని మీద జవ్వాది పూసుకునేవాడు. నేను పుట్టి పెరిగిన ఇల్లు కాబట్టి అది మందు వాసనని నాకెప్పుడూ తట్టలేదు, మనిషి వాసనే అనుకున్నాను. బయటినుంచి వచ్చిన వదినకు తెలుసు. "పెండ్లయి వచ్చిన కొత్తల్లో ఆ నూనెకు వారమంతా తలనొప్పి నాకు. ఎవురికి సెప్పుకునేది?" అంది.

జవ్వాది సీసా ఒకటి కొనుక్కుని పుత్తూరు బస్సెక్కాం. గంట ప్రయాణం. మేమెక్కగానే పక్క సీటావిడ కిటికీ పూర్తిగా తెరిచింది. వెనకనుంచి ఒకాయన, "యాడ మా పెండ్లి?" అని ఆరా తీశాడు. పుత్తూరులో దిగి కట్టు అంటే చాలు, ఆటోవాళ్లే తీసుకుపోతారు. మేము వెళ్లిన ఇంటి వరండా నిండా చేతులు, కాళ్లు పట్టుకుని జనం. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"నూనె ఒక్కటి కావాలయ్యా" అన్నాను.

"సూడకుండా నూనె ఇచ్చేది లేదు మా. దెబ్బ యాడ?" అన్నాడు కట్టు కట్టేయన.

"దెబ్బ లేదు. వాసన కోసం."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి వదిన వైపు తిరిగాడు. "దెబ్బ తలకా?"

వరండా అంతా నవ్వింది. వదిన నన్ను పక్కకు నెట్టి కుడిచెయ్యి చాపింది. "నొప్పి నాకయ్యా. ఈడ." ఆయన మణికట్టు పట్టుకుని వేలితో నొక్కగానే వదిన వీధికి వినపడేట్టు అరిచింది. నూనె కోసం ఇంత బాగా నటిస్తుందని నేననుకోలేదు. మెచ్చుకోబోతూ చూస్తే ఆమె కళ్లలో నీళ్లు, మణికట్టు చుట్టూ వాపు.

"నరం పట్టేసిండాది. ఎన్నాళ్ల నుంచి?"

"శానా దినాల నుంచి. బట్టలు పిండేటప్పుడు పీకుతాది."

"ఇంట్లో మిషను ఉంది కదా వదినా!" అన్నాను. ఎన్నో నెలల తర్వాత ఆమెతో నేను నేరుగా అన్న మాట అదే.

"మిషన్లో తెల్లగా రావు మే."

ఆయన నూనె గిన్నె మూత తీశాడు. నా చేతుల మీది జవ్వాది, ఆ నూనె కలిసి ఒక్కసారి గుప్పుమన్నాయి. నాయన లోపలికి వచ్చేశాడు. ఆయన ఒక్కడే కాదు, చెయ్యి ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తున్న అమ్మ కూడా. నేను గుమ్మం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. కట్టు కట్టేయన బిత్తరపోయాడు. "కట్టు ఆమెకి, ఏడుపు నీకా? నొప్పేం ఉండదులే మా" అని నన్ను ఓదార్చాడు. వరండాలో కాలు విరిగిన ముసలావిడ తన నీళ్ల సీసా నాకిచ్చింది. నూనె రాసి, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి గుడ్డ చుట్టాక ఆయన పథ్యం చెప్పాడు. వారం దాకా నీళ్లు తగలకూడదు. విప్పినాక రోజూ రాత్రి నూనె రాయాలి. సొంతంగా రాసుకుంటే పట్టదు, ఇంకొకరు రాయాలి. అని ఒక సీసా నిండా నూనె పోసిచ్చాడు.

"నీళ్లు తగలకుండానా?" అంది వదిన, ఎవరో కొంప ముంచినట్టు.

బస్టాండు పక్క మెస్సులో రాగిసంగటి, కోడికూర దొరికాయి. వదినకు కుడిచెయ్యి లేదు కాబట్టి నేనే ముద్దలు చేసి నోట్లో పెట్టాను. వడ్డించే ఆమె గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "మీరు అక్కాసెల్లెండ్లా?"

"కాదు, ఆడబిడ్డ" అంది వదిన, నోట్లో ముద్దతో.

"ఆడబిడ్డ వదినకు తినిపిచ్చేది నా బతుకులో సూడలా" అని ఆమె ఇంకో ముక్క ఊరికే వేసింది. పుత్తూరు నుంచి చిత్తూరుకు నేరుగా బస్సుంది. దారంతా వదిన నిద్రపోయింది, కట్టు చెయ్యి నా ఒళ్లో పెట్టి. ఈసారి కిటికీ సీటు నాది.

నేను సెలవు పెంచుకుని చిత్తూరులోనే ఉండిపోయాను. బట్టలు నేను ఉతికాను, వదిన కుర్చీ వేసుకుని తప్పులు పట్టింది. కట్టు విప్పినాక రాత్రిళ్లు నూనె రాశాను. రాస్తుంటే అర్థమైంది, మేము నాయన వాసన అనుకున్నదాంట్లో సగం అమ్మ చేతిదని. ఇద్దరూ పోయాక కూడా ఆ పని చేయడానికి ఆ ఇంట్లో ఇంకో రెండు చేతులు కావాల్సి వచ్చింది. ఊరెళ్లే రోజు పొద్దున వదిన నా సంచిలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టింది. ముడి విప్పితే నాయన తెల్లచొక్కా. ఆమె రోజూ రాత్రి నూనె చేతికి దాన్నే చుట్టుకుని పడుకుందట, పొద్దున జవ్వాది చల్లిందట. చొక్కా అంతా నలిగి, మరకలు పడి, జిడ్డుగా ఉంది.

"ఉతకలా" అంది వదిన, తల పక్కకు తిప్పుకుని.

పుత్తూరు వెళ్లేవారికి నా సూచన ఒకటే. పాతబట్టలు వేసుకుని వెళ్లండి, ఆ నూనె మరక పడితే పోదు. పోకపోతే వదిలేయండి.