మా వదినె విస్తరిలో లేని ఉల్లిగడ్డ

మా వదినె పోయింది. ఎండకాలం చివర, మేకలను ఇంకా దొడ్డి నుంచి వదలకముందే కబురు వచ్చింది. పసుపు కుంకుమతో పోయింది, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్ళంతా అన్నారు. నేను అనలేదు. రజాకార్ల గడబిడ అణిగిన మరుసటి ఏడు ఆమె భర్త, అంటే మా అన్న, ఎవరో గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. మెడలో పూసలు వేసుకుని, ఇక ఇంట్లోకి ఉల్లిగడ్డ రావద్దన్నాడు. ఉపదేశం తీసుకున్నది ఆయన, నోరు కట్టుకున్నది ఆమె. ఆ కోపం నాకు అప్పటినుంచీ ఉంది.

నన్ను పెంచింది ఆమే. మా అమ్మ పోయినప్పుడు నేను గొర్రెపిల్లల వెంట ఉరికే ఈడువాణ్ణి. మధ్యాహ్నం చేను గట్టు మీద జొన్నరొట్టె నా చేతికిచ్చి, ఉల్లిగడ్డను రాతి మీద పెట్టి పిడికిలితో గుద్దేది. నేను కొడవలి తీస్తే ఒప్పుకునేది కాదు.

“కత్తి వెట్టకు పిలగా. గుద్దితేనే తియ్యగుంటది.”

నాకు మనుమలు పుట్టినా ఆమెకు నేను పిలగాణ్ణే.

ఉల్లిగడ్డ లేని పులుసు బాగా లేదని ఆమె ఒక్కనాడూ అనలేదు. మా రెండిళ్ళకు నడుమ ఒకటే గోడ. నా భార్య తాలింపులో ఉల్లిగడ్డ వేసే వేళకు ఏదో పని పెట్టుకుని వచ్చి మా పొయ్యి పక్కన కూర్చునేది. ఒకనాడు తినిపొమ్మని పట్టుబట్టాను. తింటే నోరు వాసన వస్తుంది, మీ అన్న మొఖం తిప్పుకుంటాడు అంది. మరి ఇక్కడెందుకు కూర్చున్నావని ఎకసెక్కం చేశాను.

“వాసన జూస్తే నేమం జెడదని గురువే జెప్పిండు. నమ్మకుంటె నువ్వే అడిగి రాపో.”

గురువు ఆ మాట చెప్పి ఉండడు. ముగ్గురం నవ్వుకున్నాం.

జబ్బు పడ్డాక ఆమె నోటికి ఏదీ సహించలేదు. ఇంత గటక, అదే జొన్నజావ, పోస్తే ఉల్లిగడ్డ నంజుకుని తాగుతానని తానే అడిగింది. నేను గొంగడి చెంగులో పెట్టుకుని పోతే మా అన్న గడపలో అడ్డం నిలబడ్డాడు. పోయే ముందు ఆమె నేమం చెడగొట్టవద్దన్నాడు. మేము అరుచుకుంటుంటే ఆమె మంచంలో గోడవైపు తిరిగింది.

“వద్దు తియ్యిర్రి. నాకు ఆకలి వోయింది.”

మరునాడు పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే కోరిక తీరలేదని మా దిక్కు లెక్క. బెల్లంబువ్వ పెట్టారు, పెరుగు పెట్టారు, గారెలు పెట్టారు. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఒక్క ఉల్లిగడ్డ పెట్టమని కులపోళ్ళందరి ముందూ అడిగాను. ఆమె నేమంలో పోయింది, అంతే అన్నాడు మా అన్న, నేల చూసుకుంటూ. చివరికి విస్తరి ఆవు ముందు పెట్టి చేతులు కడుక్కున్నాం.

ఇది చదివేవాళ్ళు నాకు న్యాయం చెప్పొద్దు. చెప్పినా ఆమె తినేది లేదు. పెత్తరమాస వస్తున్నది. ఆనాడు పెద్దల పేరు మీద ఇంటింటా విస్తరి పెడతారు. ఆమెకు ఇదే మొదటిది. అందులో ఉల్లిగడ్డ పెడతాడా పెట్టడా, ఆ ముందటి ఆదివారం పొద్దుగూకేలోపల మా అన్న నాకు చెప్పాలి. పెట్టడని నాకు తెలుసు. అయినా ఆ మాట ఆయన నోటితో ఆయనే అనాలి.